మెలకువలు

ముప్పై ఒక్క ఏళ్ళుగా నాది ఒకటే పని.
వల్పరాయిసో కొండవాలు మీద
తాడు లాగితే ఎక్కి, తాడు వదిలితే దిగే చెక్కపెట్టె.
దాని పై గడపలో కూర్చుని మనుషుల్ని లెక్కపెడతాను.
నూరు పెసోలు, ఒక టికెట్టు.
నూరు పెసోలు, ఒక టికెట్టు.
కింద సముద్రం, పైన నేను,
మధ్యలో ఇనుప తాడు.

ఆ తాడు రోజూ రాత్రి నా కలలో తెగుతుంది.

"తెగనీ," అంది ఎదురింటి బెర్నార్దా,
"అది కలని నీకు తెలిస్తే చాలు."
ఆమెది ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. నిద్ర పగలే.
పగటి నిద్రలో కలలు పలచగా ఉంటాయట,
గోరు పెడితే చిరుగుతాయట.
"మెలకువతో కలగనడానికి
కొన్ని మెలకువలున్నాయి ఒటీలియా."

నేను వేళ్ళు లెక్కపెట్టుకుంటుంటే
చిల్లర తగ్గిందేమోనని ఓ పెద్దాయన ఇంకో నాణెం పెట్టాడు.
ముక్కు మూసుకుని గాలి అందుతుందా అని చూస్తుంటే
బడిపిల్లలు తమ మేజోళ్ళు వాసన చూసుకున్నారు.
టికెట్టు నంబరు చదివి, తల తిప్పి, మళ్ళీ చదివాను.
కలలో అంకెలు కుదురుగా ఉండవట.
ఇక్కడ మాత్రం నలభై రెండు వేల ఆరు
ఎన్నిసార్లు చూసినా నలభై రెండు వేల ఆరే.
ఇంత నిజంలో బతుకుతున్నానని
నాకెవరూ చెప్పలేదు.

తలగడ కింద నోటుపుస్తకం,
మంచం కోడుకు దారంతో కట్టిన పెన్సిలు.
మొదటి వారం రాసుకున్నవి:
ఏదో నీలం.
మా అత్త, కానీ అత్త కాదు.
చేప. తర్వాత గుర్తులేదు.
ఒక పేజీలో చొంగ మరక తప్ప ఏమీ లేదు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి
కాసేపు కూర్చుని మళ్ళీ పడుకోవాలి,
ఇది కలని గుర్తుపడతాను, ఇది కలని గుర్తుపడతాను
అనుకుంటూ.
అనుకుంటూ అనుకుంటూనే తెల్లారిపోయింది.
ఆ రోజు లెక్కలో రెండు వేలు తక్కువొచ్చాయి.

మే చివర, ఓడల కూతల్ని పొగమంచు మింగుతున్న రాత్రి
టికెట్టు చించి ఇస్తున్నాను. నలభై రెండు వేల ఆరు.
తల తిప్పి చూశాను. పదిహేడు.
మళ్ళీ చూశాను. అంకె కాదు, చిన్న పీత
కాగితం అంచు పట్టుకుని నడుస్తోంది.
నా చేతికి ఏడు వేళ్ళు.
"అమ్మ బాబోయ్, ఇది కల!" అని అరిచాను.
అంతే.
కల కంచికి, నేను మంచానికి.

బెర్నార్దా పడీపడీ నవ్వింది.
"అందరికీ మొదట ఇంతే.
సంతోషం పొంగితే కల ఆరిపోతుంది, పాలు పొంగితే పొయ్యిలా.
ఈసారి అరవకు. చలికాచుకున్నట్టు అరచేతులు రుద్దుకో."

ఆగస్టులో రుద్దుకున్నాను.
చేతులకు తుప్పు వాసన వచ్చింది.
నేల పలకలు ఒక్కొక్కటే గట్టిపడి
నా బరువు ఒప్పుకున్నాయి.
కొత్తగా నేర్చినవాళ్ళు ముందు ఎగురుతారట.
కిటికీ తెరిచే ఉంది, గాలీ సరేనంది.
అటు తాడు కిర్రుమంటోంది, ఇదిగో తెగుతా అన్నట్టు.

నేను టికెట్ల సొరుగు మూశాను.
"మనిషి లేదు" అని పలక తిప్పాను.
డ్యూటీలో ఉండగా మొట్టమొదటిసారి
పెట్టె ఎక్కి, సముద్రం వైపు బల్ల మీద కూర్చున్నాను.

తాడు తెగింది.

పెట్టె పడలేదు. ఎటు వెళ్ళాలని నన్నే అడిగింది.
"మెల్లగా," అన్నాను, చోటు తోచక.
వీధి దాటి, రేవు దాటి,
క్రేన్ల కాళ్ళ సందులోంచి నీళ్ళలోకి దిగాం.
దారి పొడుగునా చేపలు ఎక్కాయి.
ఒక్కదాన్నీ డబ్బులడగలేదు.

లేచాక ఎంతో రాయాలనుకుని
ఇంతే రాశాను:
బల్ల చల్లగా ఉంది. చివర ఒక మేకు లేచి ఉంది. గుచ్చుకుంది.

ఆ పొద్దున తలుపులు తీయకముందే
సుత్తి పట్టుకుని పెట్టెలోకి వెళ్ళాను.
సముద్రం వైపు బల్ల. చివర. తడిమాను.
ఉంది.

సుత్తి కింద పెట్టి
వేళ్ళు లెక్కపెట్టుకున్నాను.
ఐదు.
ఇంకోసారి లెక్కపెట్టి
అప్పుడు కొట్టాను.